సైకిలు బెల్లు



మన సంఘాల్లో ఒక బిడ్డ పదో తరగతి దాటితే చాలు, ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే. "ఏం చదివిస్తున్నారండీ? బై.పి.సి.నా, ఎం.పి.సి.నా?" బై.పి.సి. అంటే డాక్టరు, ఎం.పి.సి. అంటే ఇంజనీరు. మూడో దారి మన కంటికి ఆనదు. ఎన్నో ఏళ్లు ఆ మెట్ల మీద నిలబడి ఆ ప్రశ్న అడిగినవారిలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు డెబ్బై దాటిన వయస్సులో, నా మనవరాలి పక్కన కూర్చుని ఆమె పరీక్ష పాఠాలు తిరగవేయిస్తుండగా ప్రభువు నాకు ఒక సంగతి నేర్పాడు. దాన్ని మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. ఉన్నదల్లా నా తప్పే.

నేను గుంటూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి 2006లో రిటైరయ్యాను. మా అమ్మ నన్ను కన్నది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. 1883లో అమెరికా నుండి మిషనరీగా వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ గారు 1898లో ఆ ఆసుపత్రిని తెరిచారు. మగ వైద్యుని ఎదుటికి రాలేని ఆడవారి కోసం ఆ తల్లి ఎంత ప్రయాసపడిందో మా అమ్మ చెబుతుంటే విని పెరిగాను. అందుకే మా ఇంట్లో 'డాక్టరు' అనే మాటను 'పాస్టరు' అన్నంత భక్తితో పలికేవాళ్లం. 1975లో మా పెద్దబ్బాయి పుట్టిన రోజునే వీడు డాక్టరు అవుతాడని తీర్మానించేశాను. వాణ్ణి అడగలేదు సరే, చిన్నబిడ్డ. దేవుణ్ణి కూడా అడగలేదు. ఆయనకు తెలియజేశానంతే.

మన రాష్ట్రంలో ఎంసెట్ 1986లో మొదలైంది. మావాడు 1992లో మొదటిసారి వ్రాశాడు. నేను సైన్సు మేష్టార్ని కదా, చదివించడం నాకు తెలుసుననుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి లేపేవాణ్ణి. ఒకే పేజీని పదిసార్లు బిగ్గరగా చదివించేవాణ్ణి. సాయంత్రం బడి నుండి సైకిలు మీద వచ్చి, కాళ్లు కడుక్కోకముందే ప్రశ్నలు అడిగేవాణ్ణి. తప్పు చెబితే చింత బరికె. బీరువా తలుపు లోపలివైపు వాడి వారం పరీక్షల మార్కులు సుద్దముక్కతో వ్రాసేవాణ్ణి, చొక్కా తీసుకోవడానికి తలుపు తెరిచినప్పుడల్లా వాడికి కనబడాలని.

మొదటిసారి సీటు రాలేదు. గుంటూరులో లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేర్చాను. 1993లో ర్యాంకు కొంచెం దగ్గరకు వచ్చింది గాని సీటు రాలేదు. 1994లో మూడోసారి. ఆ ర్యాంకు మొదటి ఏడాది కన్నా అధ్వాన్నం. పేపరు చేతిలో పట్టుకుని నేను వాడితో అన్న మాట ఇది: "నువ్వు సోమరిపోతువి. నా పరువు గంగలో కలిపావు." మా ఆవిడ వంటింట్లో నుండి వచ్చి, "మార్కులు దేవుడు అడగడండీ, బిడ్డను అడుగుతాడు" అంది. ఆమె నోరు కూడా మూయించాను.

తరువాత వాడు బి.ఎస్సీ. చదివాడు. వాళ్లమ్మ గాజులు అమ్మి ఎం.సి.ఏ. చదివించింది. 2000లో అమెరికా వెళ్లాడు. మంచి ఉద్యోగం, మంచి కోడలు, బంగారం వంటి మనవరాలు. ప్రతి ఆదివారం ఫోను చేసేవాడు. "ఆరోగ్యం ఎలా ఉంది నాన్నగారూ? వర్షాలు పడ్డాయా?" అంతే. తరువాత ఫోను అమ్మకు ఇవ్వమనేవాడు. 2022లో ఆవిడ ప్రభువు సన్నిధికి వెళ్లిపోయింది. ఇక ఫోను ఎవరికి ఇవ్వను? మా ఇద్దరి మధ్య వర్షం సంగతి తప్ప మరో మాట లేదని అప్పుడు తెలిసింది.

2023 డిసెంబరులో వాడు నన్ను డల్లాస్ దగ్గరున్న తన ఇంటికి తీసుకువెళ్లాడు. ఆరు నెలలు ఉండవచ్చన్నారు. అక్కడికి వెళ్లేసరికి మనవరాలు వైద్య కళాశాల ప్రవేశ పరీక్షకు సిద్ధపడుతోంది. ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదు. తానే కోరుకుంది.

ఆ దేశంలో మనలాగా ఇంటర్ కాగానే వైద్య విద్యలో చేరరు. ముందు నాలుగేళ్ల డిగ్రీ చదవాలి. తరువాత నాలుగేళ్లు వైద్య కళాశాల. ఆ తరువాత ఎన్నుకున్న విభాగాన్ని బట్టి మూడు నుండి ఏడేళ్లు ఆసుపత్రిలో శిక్షణ. వైద్య కళాశాలలో చేరడానికి వ్రాసే పరీక్ష పేరు ఎంక్యాట్. మన నీట్ పరీక్ష మూడు గంటలు, 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఎంక్యాట్‌లో 230 ప్రశ్నలు. ఒక్క వ్రాత సమయమే 6 గంటల 15 నిమిషాలు. మధ్యలో విరామాలు, ముందువెనకల పనులు కలిపితే దాదాపు ఒక పనిదినమంతా పడుతుంది. నాలుగు విభాగాలు ఉంటాయి. భౌతిక, రసాయన శాస్త్రాలు ఒకటి. జీవశాస్త్రం, జీవరసాయనం ఒకటి. వ్యాసభాగాలు చదివి విశ్లేషించేది మరొకటి. నాలుగోది మనస్తత్వ శాస్త్రం, సమాజ శాస్త్రం. ఒక్కొక్క విభాగానికి 118 నుండి 132 వరకు స్కోరు, మొత్తం 472 నుండి 528 వరకు. సరిగ్గా మధ్యలో ఉన్నది 500.

ఈ నాలుగో విభాగాన్ని 2015లో చేర్చారట. నాకు వింతగా తోచింది. "డాక్టరుకు మనస్తత్వ శాస్త్రం ఎందుకమ్మా?" అని అడిగాను. "రోగి మందు ఎందుకు వేసుకోడో తెలియకపోతే, మందు తెలిసి ఏం లాభం తాతయ్యా?" అంది. ఆ జవాబుకు నా దగ్గర మాట లేకపోయింది.

తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు మా పిల్ల. అయినా సైన్సుకు భాష అడ్డం కాదు. రోజూ సాయంత్రం నేను ప్రశ్నలు అడిగేవాణ్ణి, ఆమె చెప్పేది. మొదటి వారాలు నాకు పండుగే. ప్రోటీన్లను నిర్మించే 20 అమైనో ఆమ్లాలు, కణంలో శక్తిని పుట్టించే క్రెబ్స్ వలయం, మూత్రపిండంలో నెఫ్రాన్ పనిచేసే తీరు, ఇవన్నీ నేను నల్లబల్ల మీద గీసి చెప్పినవే. రక్తం క్షారత 7.35కూ 7.45కూ మధ్యనే ఎలా నిలిచి ఉంటుందో ఆమె చెబుతుంటే, మనం తెలియకుండా ఊపిరి విడిచే ప్రతిసారీ ఆ తూకాన్ని ఆయనే సరిచూస్తున్నాడని నా మనస్సు స్తుతించింది. ఒకరోజు గొట్టంలో ద్రవం పారే సూత్రం వచ్చింది. మిగతావన్నీ అలాగే ఉండి గొట్టం వ్యాసార్థం సగానికి తగ్గితే ప్రవాహం సగం కాదు, పదహారో వంతు అవుతుంది. మా మిరప చేలో గొట్టానికి పాకుడు పడితే నీళ్లు ఎలా సన్నబడిపోయేవో చెప్పాను. "గుండె రక్తనాళంలో కొవ్వు పేరుకున్నా అంతే కదా తాతయ్యా" అంది. ఇక ఆ సూత్రం మరిచిపోదు.

అయితే ఆమె చదివే పద్ధతి నాకు నచ్చలేదు. పుస్తకం చదవడం తక్కువ, మూసి ఉంచడం ఎక్కువ. ఒకసారి చదివి, మూసేసి, తెల్ల కాగితం మీద జ్ఞాపకం ఉన్నంతవరకు వ్రాస్తుంది, బొమ్మ గీస్తుంది. తరువాత తెరిచి ఎర్ర కలంతో దిద్దుకుంటుంది. రెండు రోజులకు మళ్లీ, వారానికి మళ్లీ. "పదిసార్లు చదువు తల్లీ, అదే వస్తుంది" అన్నాను. అప్పుడు ఆ నాలుగో విభాగం పుస్తకంలోనే చూపించింది. 1885లోనే ఎబ్బింగ్‌హాస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, నేర్చినది మొదట్లో ఎంత వేగంగా మరుపుకు వస్తుందో, ఎడం ఇచ్చి చదివితే ఎలా నిలుస్తుందో లెక్కకట్టాడు. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు చేసిన పరిశోధనలో, మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత బాగా చెప్పారు. కాని వారం గడిచాక, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవారిదే పైచేయి అయింది. నేను మావాడి చేత ఒకే పేజీ పదిసార్లు చదివించిన రాత్రులు గుర్తుకొచ్చాయి. మేష్టార్నై ఉండి కూడా తెలియక చేశాను. అది నాకు తగిలిన మొదటి దెబ్బ. చిన్నది.

రెండవది మరో వారానికి తగిలింది. ఆ సాయంత్రం పావ్లోవ్ పాఠం. రష్యా శాస్త్రజ్ఞుడైన పావ్లోవ్ జీర్ణక్రియ మీద చేసిన కృషికి 1904లో నోబెల్ బహుమతి పొందాడు. కుక్కకు తిండి పెట్టే ముందు ప్రతిసారీ ఒక శబ్దం వినిపిస్తే, కొన్నాళ్లకు తిండి లేకపోయినా ఆ శబ్దానికే నోట లాలాజలం ఊరుతుందని ఆయన చూపించాడు. మనుష్యుల్లో భయం కూడా అలాగే అంటుకుంటుందట. సొంత జీవితంలో నుండి ఒక ఉదాహరణ చెప్పుకుంటే పాఠం బాగా నిలుస్తుందని మనవరాలు అందరినీ అడుగుతోంది. మా కోడలు ఏదో చెప్పింది. మావాడు అప్పుడే ఆఫీసు పని ముగించుకుని వచ్చి నీళ్లు తాగుతున్నాడు. "నువ్వు చెప్పు డాడీ" అంది.

వాడు నవ్వుతూనే అన్నాడు. "మీ తాతయ్య సైకిలు బెల్లు. సందు మొదట్లో మోగేది. వినగానే నాకు కడుపులో మెలిపెట్టేది. ఇప్పటికీ ఎక్కడైనా సైకిలు బెల్లు వినబడితే నా అరచేతులు చెమర్చుతాయి."

పిల్ల పకపకా నవ్వింది. కోడలు నవ్వింది. వాడూ నవ్వాడు. నేనూ నవ్వాలని ప్రయత్నించాను. కాని ఆ బెల్లు సంగతి నాకు మరోలా తెలుసు. సందు మొదట్లో బెల్లు కొడితే నాన్న వస్తున్నాడని ఇంట్లో వాళ్లకు సంతోషం కలుగుతుందని నేను అనుకునేవాణ్ణి. ఎన్నో ఏళ్లు అలాగే అనుకున్నాను.

ఆ తరువాత పాఠాలు నన్ను వదలలేదు. శిక్ష గురించిన అధ్యాయం వచ్చింది. శిక్ష ఏం చేయకూడదో చెబుతుంది గాని, ఏం చేయాలో నేర్పదు. దానివల్ల పిల్లలు తప్పు మానడం కన్నా తప్పు దాచడం ముందు నేర్చుకుంటారు. ఆ తరువాత కార్డు సెలిగ్మన్, మేయర్ అనే ఇద్దరిది. 1967లో వారు కుక్కల మీద చేసిన ప్రయోగం. కొన్ని కుక్కలకు విద్యుత్ ఘాతాలు తగిలేలా చేశారు. అవి ఏం చేసినా ఆ ఘాతం ఆగదు. తరువాత వాటిని చిన్న అడ్డుగోడ దూకితే తప్పించుకోగల పెట్టెలో ఉంచారు. దారి ఎదుటే ఉన్నా వాటిలో చాలా కుక్కలు దూకలేదు. మూలుగుతూ అక్కడే పడి ఉన్నాయి. 'నేను ఏం చేసినా ఒకటే' అన్న నిస్సహాయత వాటికి అలవడిందని వారు తేల్చారు.

ఆ కార్డు చదివి వినిపిస్తుంటే నా గొంతు పట్టేసింది. 1992లో పర్వాలేదు, 1993లో మెరుగు, 1994లో కుప్పకూలాడు. తెలివిగల బిడ్డ మూడో ఏడు ఎందుకు కుప్పకూలాడు? నేను సోమరితనమన్నాను. పక్క కార్డులోనే దానికీ ఒక పేరుంది. ఎదుటివాడి తప్పుకు అతని గుణమే కారణమనుకుని, అతడున్న పరిస్థితిని చూడకపోవడం మనుష్యులందరూ సామాన్యంగా చేసే పొరపాటట. 1977లో లీ రాస్ అనే ఆచార్యుడు దానికి పేరు పెట్టాడు. నేను 1994లో మా వరండాలో దానిని చేశాను. ఆ పరిస్థితి ఎవరో కాదు, నేనే.

ఆ రాత్రి కొలస్సయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయం తీశాను. 20వ వచనం మీద నేను యవ్వనస్థుల కూటాల్లో ఎన్నోసార్లు మాట్లాడాను. పిల్లలు తల్లిదండ్రులకు లోబడాలన్న సంగతి అది. 21వ వచనం తండ్రులకు. కోపం రేపి బిడ్డ గుండె దిగజారేలా చేయవద్దని పౌలు భక్తుడు హెచ్చరించాడు. ఇన్నేళ్లు 20 దగ్గర ఆగిపోయానే! శాస్త్రజ్ఞులు 1967లో కనుగొన్నదాన్ని దేవుని వాక్యం ఎంతో ముందుగానే నా ఒడిలో పెట్టింది. చదవవలసినవాడు చదవలేదు.

అయినా వాడితో మాట్లాడటానికి ధైర్యం చాలలేదు. పాత సంగతులు తవ్వి ఏం లాభమని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మూడు వారాలు గడిచాయి. ఒక శనివారం మనవరాలు పూర్తి నమూనా పరీక్ష వ్రాసింది. 496 వచ్చింది. అంతకు ముందుదానికన్నా తక్కువ. ఆమె బల్ల మీద తల వాల్చుకుంది. మావాడు స్క్రీను చూశాడు. "నాలుగు నెలలుగా ఏం చేస్తున్నట్టు? సోమరితనం కాకపోతే ఇదేమిటి?" అని గద్దించాడు.

చదువరులారా, ఆ మాట వాడిది కాదు, నాది. ఆ స్వరం, ఆ చెయ్యి విసురు, చివరికి ఆ 'సోమరితనం' అన్న మాట కూడా ముప్పై ఏళ్ల కిందట నా నోటి నుండి వచ్చినవే. పిల్లలు చెప్పింది కాదు, చూసింది నేర్చుకుంటారని 1961లో బండూరా అనే శాస్త్రజ్ఞుడు ఒక గాలిబొమ్మతో చేసిన ప్రయోగంలో చూపాడు. పెద్దలు బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు తామూ కొట్టారు. మావాడు చూసిన తండ్రిని నేనే. ఇప్పుడు నేను నోరు మూసుకుంటే ఆ బరికె మూడో తరానికి అందుతుంది.

రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో దీపం వెలుగుతోంది. వాడు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎదుట కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. "బాబూ, 1994లో నేను నిన్ను సోమరి అన్నాను. అది అబద్ధం. నిన్ను భయపెట్టి చదువు రాకుండా చేసింది నేనే. నన్ను క్షమించు" అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. కళ్లెత్తకుండానే అన్నాడు. "ఆ మూడో పరీక్షలో చివరి గంట నేను పెన్సిలు ముట్టలేదు నాన్నగారూ. తెలిసినవి కూడా దిద్దలేదు. ఎలా వ్రాసినా ఇంటికెళితే ఒకటే కదా అనిపించింది. ఇది అమ్మకు కూడా చెప్పలేదు."

ముప్పై సంవత్సరాలు వాడు ఆ గంటను ఒంటరిగా మోశాడు. నేను లేచి వాడి తల మీద చెయ్యి వేశాను. వాడు చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు తప్ప అలా చెయ్యి వేసిన జ్ఞాపకం నాకు లేదు. ఇద్దరం ఏడ్చాం. ప్రార్థన చేయాలనుకున్నాను గాని మాటలు రాలేదు. వాడే చిన్న ప్రార్థన చేశాడు. ఆ తరువాత మేడ మెట్లెక్కి కూతురి గది తలుపు తట్టాడు. లోపల వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తెలియనవసరం లేదు.

అంతటితో అన్నీ చక్కబడిపోయాయని చెప్పను. ఇప్పటికీ నేను గొంతు కొంచెం హెచ్చిస్తే వాడి భుజాలు బిగుస్తాయి. క్షమాపణ ఒక్క రాత్రి పని, నమ్మకం చాలా రోజుల పని. కాని ఒక మంచి సంగతి కూడా మనవరాలి వల్లే తెలిసింది. అదే మేయర్, సెలిగ్మన్ 2016లో తమ పాత సిద్ధాంతాన్ని తామే సవరించుకున్నారట. ఆగని బాధ ఎదురైనప్పుడు చతికిలపడటం జీవికి సహజంగా వచ్చేదే. నేర్చుకోవలసింది నిస్సహాయత కాదు, 'నా ప్రయత్నానికి ఫలితం ఉంది' అన్న సంగతి. మెదడు ముందుభాగం దానిని నేర్చుకున్నప్పుడు లోపలి భయాన్ని అణచగలదు. అంటే నిరీక్షణ నేర్పగలిగినదే. యాభై ఏళ్ల తరువాత తమ తప్పు తాము ఒప్పుకున్న ఆ శాస్త్రజ్ఞులను చూసి నాకు ఆదరణ కలిగింది.

ఆ మరునాటి నుండి మా పద్ధతి మార్చాం. 496 వచ్చిన రోజున ఆమె నాలుగు గంటలే నిద్రపోయిందని తేలింది. పగలు నేర్చినదాన్ని మెదడు స్థిరపరచుకునేది నిద్రలోనే. ఏలీయా బదరీ వృక్షం కింద చావు కోరుకుని పడుకున్నప్పుడు దేవుడు అతనికి ముందు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. కనుక రాత్రి పదిన్నరకు పుస్తకం మూత. తప్పుపోయిన ప్రతి ప్రశ్నను ఒక నోటు పుస్తకంలో వ్రాసి, దాని పక్కన కారణం వ్రాయడం. తెలియక పోయిందా, ప్రశ్న సరిగా చదవక పోయిందా, తొందరపడి పోయిందా? మూడింటికీ మందు వేరు. తప్పు అయినచోట నేను "ఎందుకు పోయింది?" అని అడగడం మాని, "ఎలా ఆలోచించావు చెప్పమ్మా" అని అడగడం నేర్చుకున్నాను. నలభై ఏళ్లు మేష్టారుగా, తండ్రిగా బ్రతికి ఆ ఒక్క మాట తిప్పి అడగడం డెబ్బై అయిదు దాటాక నేర్చుకున్నాను.

2024 మే నెలలో ఆమె పరీక్ష వ్రాసింది. మావాడు సెలవు పెట్టి కారులో తీసుకువెళ్లాడు. సాయంత్రం తిరిగి వచ్చినప్పుడు ఎలా వ్రాశావని ఎవరూ అడగలేదు. కోడలు పప్పుచారు, వేపుడు చేసింది. నేను స్వదేశానికి వచ్చాక, జూన్‌లో ఫలితం వచ్చింది. దరఖాస్తు పెట్టుకోవడానికి చాలినంత వచ్చింది. అంకె ఇక్కడ వ్రాయను. గుడి మెట్ల మీద చాలామంది అడిగారు, వారికీ చెప్పలేదు. ఒకప్పుడు బీరువా తలుపు మీద అంకెలు వ్రాసిన చెయ్యి ఇది. ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే ఆ తలుపు తెరిచి చూశాను. సుద్ద ఎప్పుడో చెరిగిపోయింది గాని, గీతలు పడిన చోట రంగు ఇంకా మాసి ఉంది.

ప్రియమైన తల్లిదండ్రులారా, మీ బిడ్డ నీట్‌కు గాని మరో పరీక్షకు గాని సిద్ధపడుతుంటే ఒక ముసలి మేష్టారు మాట వినండి. మీకు ఆ పాఠాలు రాకపోయినా పర్వాలేదు. పుస్తకం మీ చేతిలో పట్టుకుని, "నాకు చెప్పు నాన్నా" అని అడగండి. చదువురాని తల్లి కూడా ఈ పని చేయగలదు. బిడ్డ చెప్పగలిగితే వచ్చినట్టు, తడబడితే అక్కడ మళ్లీ చూసుకోవాలి. నిద్ర చెడగొట్టవద్దు. పక్కింటి బిడ్డ ర్యాంకుతో పోల్చవద్దు. ఒకసారి తప్పితే ఆ బిడ్డకు ఇంట్లో ముందుగా వినబడే మాట ఏమిటో ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి. ఏటా పరీక్షా ఫలితాలు వచ్చినప్పుడు పేపర్లో వచ్చే కన్నీటి వార్తలు మీరూ చదువుతున్నారు. బిడ్డ తిండి మానినా, మాట మానినా, బ్రతకాలని లేదన్నట్టు మాట్లాడినా దాచిపెట్టకండి. ప్రార్థించండి, ఆలస్యం చేయక వైద్యుని వద్దకు కూడా తీసుకువెళ్లండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ అనే ఉచిత సేవ ఉంది. 14416 నంబరుకు పగలూ రాత్రీ ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అది విశ్వాస లోపం కాదు. కుగ్లరమ్మ గారిని ఓడ ఎక్కించి పంపిన దేవుడే ఆ నంబరు వెనక ఉన్నవారిని కూడా వాడుకోగలడు.

మరి ఇప్పటికే మాట జారినవారు ఉన్నారు, నావంటివారు. మీ బిడ్డకు ఇరవై ఏళ్లు ఉన్నా, యాభై ఏళ్లు ఉన్నా ఆలస్యమైపోయిందనుకోవద్దు. తప్పిపోయిన కుమారుని ఉపమానంలో తండ్రే ముందు పరుగెత్తాడు. మన ఇళ్లలో కొన్నిసార్లు తప్పిపోయినది తండ్రే. అయినా పరుగెత్తవలసినది అతడే.

ఇప్పుడు కూడా మావాడు ఆదివారం ఫోను చేస్తాడు. వర్షాలు పడ్డాయా అని అడుగుతాడు. చెబుతాను. ఆ తరువాత ఫోను పెట్టేయడు. కిందటి వారం గంటసేపు మాట్లాడుకున్నాం.

పరలోకమందున్న మా తండ్రీ, మా బిడ్డలను మాకు అప్పగించావు. వారిని మా పరువు కోసం కాక నీ కోసం పెంచే కృపను మాకు దయచేయుము. మేము ఇంటికి వచ్చే అలికిడి వారికి సంతోషం కలిగించేదిగా చేయుము. మేము గాయపరచిన వారి యెదుట తగ్గించుకొనే మనస్సు అనుగ్రహించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.